ఇరవై నిమిషాలకు ఆగే బండి

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? సూటిగా అడిగితే సమాధానం చిన్నదే. పదకొండేళ్ల క్రితం కిన్వట్ వైపు ఒక తోటలో, కొండ వాలు ఎక్కుతున్న బండి ఇంజను ఆగి, వెనక్కి దొర్లి, దాన్ని నడుపుతున్న కైలాశ్ అనే కూలీ మీద పడింది. వారం ముందు ఆ బండిని బాగుచేసిన ఆనందం, లోపం తన పనిలోనే ఉందని ఠాణాలో ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితంతో యజమాని బయటపడ్డాడు. కైలాశ్ భార్య వత్సలకు పరిహారం రాలేదు. ఆనందం చేతికి మనిషి ఎక్కే బండిని నాందేడ్‌లో మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. లోపం అతని పనిలో లేదు. ఆ సంగతి అతనికి కూడా తెలియదు.

పదకొండేళ్ల తరువాత ఒక ఉదయం, నాందేడ్ ఇత్వారా బజారు వెనుక సందులోని రేకుల షెడ్డులో ఆనందం పురుగుమందు కొట్టే పంపు ముక్కును నోటితో ఊది శుభ్రం చేస్తున్నాడు. అరవై ఒకటో ఏడు నడుస్తున్న పొడుగాటి మనిషి. ఏళ్ల తరబడి ఇంజన్ల మీదికి వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది. కుడి బొటనవేలి గోరు నడిమికి చీలి, నల్లగా, తాబేటి చిప్పలా గట్టిపడింది. నాలుగుసార్లు ఊదితే ఆయాసం వస్తోంది. పొగల మధ్య బతికినవాడికి ఆయాసం రాదా అనుకుని, ఛాతీని అరచేత్తో కాసేపు ఒత్తుకుని, మళ్లీ ఊదుతున్నాడు. పంపులు, పిండిమర మోటార్లు, నీళ్ల ఇంజన్లు మాత్రమే అతని పని. మనుషులను మోయని యంత్రాలు.

సందు మొదట్లో పికప్ వ్యాను ఆగింది. వెనుక తాళ్లతో కట్టిన బండిని చూసి అతడు పంపు ముక్కును కింద పెట్టాడు. నాలుగు లావాటి చక్రాలు, మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిల్, వెలిసిన ఎరుపు రంగు, ఎడమ మడ్‌గార్డు మీద లోతైన సొట్ట. రాళ్లలో, బురదలో, గట్లమీద నడిచే ఆ రకం బండి జిల్లాలో ఎన్ని ఉన్నా, ఆ సొట్ట కైలాశ్ మీద పడిన బండి ఒక్కదానికే ఉంది.

వ్యాను దిగినవాడు నందకిషోర్. మోండా బజారులో విత్తనాల దుకాణం, కిన్వట్ వైపు బత్తాయి తోట అతనివి. ముందు సీట్లో అతని తల్లి విమలాబాయి కూర్చుని ఉంది. ఆమెను డాక్టరుకు చూపించడానికి వస్తూ బండిని కూడా వేసుకొచ్చాడు.

"పానం మంచిగుందా ఆనందం?"

"ఉన్నది సేట్."

"పంచనామా అయినప్పటి సంది తోట షెడ్డులనే పడి ఉండె. ఈ ఎండాకాలం కడిగిచ్చి బయటికి తీసిన. మంచిగనే నడిచింది. పది రోజుల సంది గిదొక తమాషా. ఇరవై నిమిషాలు నడుస్తది, దమ్ము పట్టినట్టు ఆగుతది. ఇంతసేపైతే మళ్ల లేస్తది. ముగ్గురు మిస్త్రీలు చూసిండ్రు. ప్లగ్గు మార్చిండ్రు, కార్బొరేటర్ మార్చిండ్రు. ముసల్దాని లెక్క నాటకాలు జేస్తున్నది."

"ముసల్దాన్ని ఈడనే ఉన్న గదరా," అంది విమలాబాయి లోపలినుంచి. "నాటకాలు నేను జేసుడు మొదలువెడితే నువ్వు తట్టుకోవు."

ఆనందం నవ్వలేదు. "నా తోని ఎందుకు సేట్? నా చెయ్యి మంచిది కాదని రాసుంది గద."

నందకిషోర్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. "దీని గుణం నీకే ఎరుక. చూడరాదు."

ఆనందం వ్యాను వెనుక తాళ్లు విప్పుతూ, "దించుండ్రి," అన్నాడు.

ఆగిపోయే ఇంజన్ను అది ఆగేదాకా ముట్టుకోకూడదన్నది అతని పని పద్ధతి. ముందే పానా పట్టినవాడు రోగాన్ని చెదరగొడతాడు. ఇంజను మొదలుపెట్టి, చేతిగడియారం చూసుకుని, ఎడమ అరచేయి పెట్రోలు ట్యాంకు మీద ఆనించి పీట మీద కూర్చున్నాడు. పదిహేను నిమిషాలు శబ్దం నిండుగా ఉంది. పద్దెనిమిదో నిమిషంలో పలచబడింది. ట్యాంకు నుంచి దిగే గొట్టంలో పెట్రోలు దారంలా సన్నబడి, బుడగలు కట్టింది. ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది.

ప్లగ్గు తీసి చూశాడు. పొడిగా ఉంది. నిప్పురవ్వ నీలంగా, బలంగా పడుతోంది. గాలిని వడకట్టే జల్లెడ శుభ్రంగా ఉంది. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది. ఉన్న పెట్రోలు కిందికి దిగడం లేదు. ప్లగ్గు బిగించి పది నిమిషాలు ఆగి స్విచ్చి నొక్కగానే ఇంజను ఏమీ ఎరగనట్టు లేచింది.

అతని చేయి అక్కడే ఉండిపోయింది. పదకొండేళ్లుగా అతన్ని తొలిచింది బండి ఆగడం కాదు, లేవడం. ఆ రోజు కొండ వాలులో కైలాశ్ శవాన్ని తీసిన తరువాత పోలీసు స్విచ్చి నొక్కితే ఇంజను ఇలాగే లేచింది. పని చెడిపోతే చెడిపోయినట్టే ఉండాలి కదా. అతని దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేనివాడి చేత సంతకం పెట్టించడం సులువు.

రెండోసారి నడిపాడు. శబ్దం పలచబడుతున్న క్షణంలో, ఆగనివ్వకుండా, పెట్రోలు మూతను రెండు వేళ్లతో తిప్పి వదులు చేశాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. గొట్టం నిండింది. ఇంజను తేరుకుని నిండుగా మోగింది.

మూతను వెలుగుకు పట్టి చూశాడు. నడిమధ్య సూది మొనంత రంధ్రం ఉండాలి. పెట్రోలు తగ్గినకొద్దీ బయటి గాలి ఆ దారినే లోపలికి పోవాలి. గాలి పోకపోతే ట్యాంకు పెట్రోలును లోపలే పట్టి ఉంచుతుంది. ఇంజను ఆగాక, ఎక్కడి సందుల్లోంచో మెల్లగా గాలి చేరితే మళ్లీ వదులుతుంది. ఆ రంధ్రంలో పసుపు, కుంకుమ కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఒక బియ్యపు గింజ కూడా ఇరుక్కుని ఉంది.

"మొన్న దసరాకు బండి పూజ ఎవరు జేసిండ్రు?"

"నేనే," అంది విమలాబాయి. "ఎందుకు బిడ్డా?"

"మూత మీద బొట్టు వెట్టిండ్రా?"

"నడుమ వెట్టాలె గద. పొడిది గాలికి పోతదని తడిపి, ఒత్తి వెట్టిన."

"ఆ సాలు గూడ?"

ఏ సంవత్సరమో ఆమెకు చెప్పనక్కరలేదు. దసరా వెళ్లిన ఆరో రోజే కైలాశ్ పోయాడు. "ఆ సాలే కొన్న బండి," అంది నెమ్మదిగా. "ఇంత మందంగ వెట్టిన." తన కుడిచేతి ఉంగరపు వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

నందకిషోర్ గబగబా నోట్లు తీశాడు. "దొరికింది గద. సూదితోని పొడిచెయ్. పద అమ్మా, డాక్టర్ పోతడు."

"పైసలొద్దు సేట్. వత్సలకు జెప్పుండ్రి."

"ఏమని?"

"నేను గాదని."

"పదకొండేండ్లకా? జెప్తే రేపు అమ్మను ఠాణకు పిలుస్తరు. ఎనభై ఏండ్ల మనిషిని ఆడ నిలవెడ్తవా? నీకు గదేనా గావాల్సింది?"

ఆనందం ఆ ముసలామె చేతుల వైపు చూశాడు. సన్నని తీగతో రంధ్రం తొలిచి, పెట్రోలుతో కడిగి, ఊది, మూత బిగించాడు. నలభై నిమిషాలు నడిపి చూశాడు. బండి ఆగలేదు. దాన్ని ఎక్కించుకుని వాళ్లు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం అతడు రంపపు పొట్టుతో, సబ్బుతో మోచేతుల దాకా చేతులు రుద్దుకున్నాడు. ఒంటి మీది నీలం చొక్కా విప్పి మేకుకు తగిలించి, సంచిలోంచి ఉతికిన చొక్కా తీశాడు. వత్సల స్టేషను దగ్గరి ఆడపిల్లల వసతిగృహంలో వంట చేస్తుంది. అతని ముఖం కనబడకూడదని పదకొండేళ్లుగా ఈ సందు తప్పించి చుట్టు తిరిగి బజారుకు పోతుంది. ఆమె తలుపు తీయకపోతే బయటినుంచే చెప్పాలనుకున్నాడు. రెండు గుండీలు పెట్టుకున్నాడు. ఆయాసం వచ్చింది. గోడకు చేరబడి పీట మీద కూర్చున్నాడు.

మూడున్నరకు చాయ్ తెచ్చిన సందు చివరి హోటలు కుర్రాడు రామదాస్, నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు.

అయిదు గంటలకు అదే వ్యాను తిరిగి వచ్చింది. పొద్దున డాక్టరు దొరకక నాలుగింటికి మళ్లీ పోయినప్పుడు, ఆసుపత్రి గేటు దగ్గర విమలాబాయి దిగనన్నది. మందులు తరువాత, ముందు వ్యాను తిప్పమన్నది. వసతిగృహానికి పోయి వత్సలను వంటగదిలోంచి బతిమాలి పిలుచుకొచ్చింది. దారిలో ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆనందం ముందరే చెప్పాలనుకుంది.

షెడ్డు ముందు జనం ఉన్నారు. "ఆనందం మామ పోయిండమ్మా," అన్నాడు రామదాస్.

విమలాబాయి లోపలికి వెళ్లి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, అతని పాదాల దగ్గర నేల మీద కూర్చుంది. "అందరు వినుండ్రి. కైలాశ్ నడిపిన బండి నా పసుపుతోని ఆగింది. ఈయన పనితోని కాదు." తెలుగులో చెప్పింది. సందులో ఎవరికీ తెలియకుండా పోకూడదని, అదే మాట మరాఠీలో మళ్లీ చెప్పింది. తరువాత కొడుకు వైపు తిరిగింది.

"మిగిలింది నువ్వు జెప్పు."

"ఇంటికి పోయి మాట్లాడుదాం అమ్మా."

"ఈడనే."

నందకిషోర్ జనం వైపు తిరిగాడు. "ఆ కాగితం నేనే రాయించిన. ఆనందం సంతకం వెట్టనన్నడు. కోర్టుల సుట్టు తిరిగి తిండికి లేకుంట జస్తవని బెదిరించిన."

"ఇంకా?"

"వత్సలకు పరిహారం ఇయ్యాల్సొస్తదని... అందుకే రాయించిన."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా. అంతే."

వత్సల ఏడవలేదు. నందకిషోర్ ముఖంలోకి సూటిగా చూసింది. "గిదే మాట రేపు ఠాణల జెప్తవా సేట్?"

"వాడు జెప్తడు," అంది విమలాబాయి. "నేను పక్కన నిలవడత."

నందకిషోర్ తల ఊపాడు. "జెప్త. రాసిస్త."

చెల్లించవలసిన మాట అణా పైసలతో సహా అక్కడ చెల్లిపోయింది. వత్సల లోపలికి వెళ్లింది. ఆనందం ముందు వంగి, అతని చొక్కాకు మిగిలిన మూడు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

తరువాత నలుగురు అతన్ని మోసుకుపోయారు. షెడ్డులో మేకుకు నీలం చొక్కా వేలాడుతోంది. వీపు మీది చెమట మరక ఇంకా చెరగలేదు.