రికార్డు దుర్గాబాయి

మా అత్త దుర్గాబాయి గొంతును సబ్బునీళ్ళతో కడిగే అవకాశం నాకు పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకు వచ్చింది.

నలభై ఏడేళ్ళ కిందట దేవరయాంజాల్ భజన మండలి వాళ్ళు పట్నం వెళ్ళి ఒక పాట పాడి, చిన్న రికార్డు వేయించుకుని వచ్చారు. అందులో పాడింది మా అత్త. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె పేరు రికార్డు దుర్గాబాయి. ఇంట్లో కూడా ఆ హోదా చెల్లుతుంది. నేను పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తే చాలు, "ఆపు రోజా, పాలు ఇరుగుతయి" అంటుంది.

ఇప్పుడు మండలికి యాభై ఏళ్ళు నిండాయి. వచ్చే ఆదివారం అత్తకు సన్మానం. మండలి పెద్ద జానకిరామయ్య శామీర్‌పేటలో మా ఇంటికి వచ్చి మరీ ఆ పాటను ఫోన్‌లోకి ఎక్కించి ఇమ్మన్నాడు. ఆమె స్టేజీ ఎక్కుతుంటే స్పీకర్లలో ఆమె పాటే రావాలట. అత్త ఆ సాయంత్రమే పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చింది. పాత రికార్డులు కడిగి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పనేనని మా వీధిలో అందరికీ తెలుసు. మా ఆయన రవీందర్ సరదాపడి ప్లేయర్ కొన్నాడు. ఆయన సరదాలన్నీ మూడో రోజుకు నా పనులైపోతాయి.

బుధవారం పొద్దున రికార్డును ముందు ఉన్నదున్నట్టే పెట్టి విన్నాను. చిన్న రికార్డు కాబట్టి స్పీడు నిమిషానికి నలభై అయిదు చుట్లు. మా మామ గౌరయ్య పెళ్ళిళ్ళకు మైక్‌సెట్ కిరాయికిచ్చేవాడు. ఆయన మిషన్ మీదా ఇది అలాగే తిరిగేదట. బజ్జీలు వేగుతున్నట్టున్న చప్పుడు వెనకాల ఒక సన్నటి గొంతు, కీసర బస్సు వెళ్ళిపోతోందన్నంత తొందరగా రాముణ్ణి పిలుస్తోంది.

"ఇంటున్నవా? గొంతంటే గది," అంది అత్త.

"ఇంటున్న అత్తమ్మా. దుమ్ము గూడ మస్తు పాడుతాంది."

డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో కడగడం మొదలుపెట్టాను. గీత ఎటు తిరిగితే బ్రష్షూ అటే తిరగాలి. మధ్యలో పేర్లుండే కాగితం మాత్రం తడవకూడదు. కానీ ఆ కాగితం కనిపిస్తేగా. ఏటా దసరాకు మామ మిషన్లతో పాటు దీనికీ పూజ జరిగేది. మామ పోయి పన్నెండేళ్ళయినా అత్త మానలేదు. పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద పసుపు పడి, బొట్టు అట్టకట్టుకుపోయి కొడవలితో చెక్కాలన్నట్టుంది. అది పొడిపొడిగా రాలి గీతల్లో పడుతోంది.

నేను నీళ్ళు పిండేసిన దూది తీయగానే అత్త అడిగింది, "బొట్టు తీస్తవా ఏందే?"

"మల్ల పెడ్త అత్తమ్మా. కుంకుమ రాలి పాటల వడుతాంది."

పాట కోసం కాబట్టి ఒప్పుకుని, పప్పు చూడటానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను మెల్లగా తుడిచాను. మండలి పేరు బయటపడింది. పాడినవాళ్ళ పేరు లేదు. దాని కింద చిన్న అంకె కనిపించింది. ముప్పై మూడూ, పక్కన ఒకటి బై మూడూ. స్పీడు నంబరు. అచ్చు తప్పేమో అనుకుంటూనే ప్లేయర్ మీట ముప్పై మూడుకు జరిపి సూది దింపాను.

మగమనిషి పాడుతున్నాడు.

సూది తీసేశాను. అదే రికార్డా అని తిప్పి చూశాను, బల్ల మీద మరోటి లేదని తెలిసి కూడా. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మగమనిషే. నిదానంగా, నిబ్బరంగా. స్పీడు పెంచితే మగ గొంతు కూడా ఆడ గొంతులా సన్నబడుతుందని అప్పుడు వెలిగింది.

మొదటి క్షణంలో నాకు సంతోషమే వేసిందని దాచను. విరగకుండానే మాటపడ్డ పాలన్నీ కళ్ళ ముందు పొంగాయి. అంతలో ఆ గొంతు చరణానికి ముందు ఆగి, "హుఁ" అని సవరించుకుంది. టీ అడిగే ముందు, అన్నానికి కూర్చునే ముందు ఏడేళ్ళ పాటు ఈ ఇంట్లో నేను విన్న హుఁ అది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

వెనక్కి తిరిగితే అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె. గరిటెలోంచి పప్పు నేల మీద కారుతోంది. చుక్క పడితే ఊరుకునే మనిషి కాదు, చూసుకోను కూడా లేదు.

"మీ మామనే గదా?" అంది.

నేను తలూపాను. పాట అయిపోయాక బొట్టు కింద దొరికిన స్పీడు నంబరు చూపించాను.

"మల్ల పెట్టు."

పెట్టాను. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మూడుసార్లు విన్నాక మాట్లాడింది.

"పట్నంల మా ఇద్దరితోని అదే పాట పాడిపిచ్చిన్రు. ఒక్కలదే ఏస్తమన్నరు. రికార్డు ఒచ్చినంక మీ మామనే మిషన్ మీద పెట్టిండు. గిది నా గొంతు లెక్క లేదేంది అని అడిగిన. ఎవ్వల గొంతు వాళ్ళకు కొత్తగనే ఉంటది, మిషన్ల ఇంతే అన్నడు."

"మామకు తెల్వదేమో అత్తమ్మా."

"నీకు నంబరు సూడంగనే తెలిసె. మైక్‌సెట్ నడిపెటోనికి తెల్వదా?"

"మరి ఆ నంబరు మీద మొదలు బొట్టు ఎవ్వలు పెట్టిన్రు?"

అత్త గరిటె పక్కన పెట్టింది.

"ఆయననే. దసరా గూడ గాదప్పుడు. నా కుంకుమ భరిణ అడిగి తీస్కపోయిండు."

బట్టతో నేల తుడిచాను.

"ఇన్నేండ్లు నాది గాని గొంతుతోని తిరిగిన," అంది. "నా పాట యాడున్నదే మరి?"

"లేదు అత్తమ్మా. అది ఎయ్యనే లేదు."

"ఎయ్యలే," అంది తనలో తాను.

"పాత స్పీడులనే ఎక్కిచ్చి ఇస్త. ఎవ్వలకు తెల్వది." ఆ మాట నా నోటి నుంచే వచ్చినందుకు నేనే విస్తుపోయాను.

"వొద్దు. బతికుండంగ ఆయన నోరు ఆయనే మూసుకున్నడు. సచ్చినంక మనం మూసుడెందుకు? ఉన్నదున్నట్టు పంపు."

పంపాను. పది నిమిషాలకు జానకిరామయ్య ఫోన్. స్పీకర్ పెట్టాను.

"బిడ్డా, తప్పు పాట పంపినవ్. గిండ్ల మా గౌరన్న పాడుతుండు."

"తప్పు గాదు," అంది అత్త. "గదే రికార్డు. నేను పాడలే."

అవతల ఎవరో బోరు మోటారు ఆపమని అరుస్తున్నారు.

"వదినె, నీ ఫోటువ ఏసి ఫ్లెక్సీ గట్టినం."

"ఉండనీ. పక్కకు ఆయనది అంటిపియ్యి."

"మరి శాలువ ఎవ్వలకు కప్పాలె?"

"నాకే కప్పు. ఆయనకేం సలి? గని పాట అయినంక మైకు నాకియ్యి. నా గొంతు ఎవ్వలూ ఇనలే గదా, నేను గూడ పాడ్త."

ఫోన్ పెట్టేసి, నేల మీదే సర్దుకుని కూర్చుని అత్త పాట అందుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఆ గొంతు మామ గొంతు కంటే బొంగురు. పల్లవిలో ఒక చోట శ్రుతిని వదిలేసింది, చరణంలో శ్రుతే ఆమెను వదిలేసింది. ముసలితనమని సరిపెట్టుకుందామంటే, ఆ వరస వయసుతో వచ్చేది కాదు. పట్నం వాళ్ళు ఎవరి పాట వేశారో, ఎందుకు వేశారో మొదటి చరణానికే తెలిసిపోయింది. మామకు ఆ రోజే తెలిసి ఉంటుంది.

పాట ముగించి అత్త నా మొహంలోకి చూసింది. నన్ను ఏదైనా అభిప్రాయం అడగడం అదే మొదలు.

"ఎట్లున్నది?"

"ఇంకోసారి పాడు అత్తమ్మా," అన్నాను. "ఆదివారానికి ఇంక నాలుగు రోజులున్నయ్ గదా."