గోడకు అటు మంట, ఇటు కాగు

దస్తగిర్ పోయిన రోజు ఖర్జూరపు తోటలో పువ్వు కట్టే పని నడుస్తోంది. మగచెట్టు పూరెమ్మలు తెచ్చి ఆడచెట్టు గెలల్లో దోపి, నారతో కట్టి దిగాలి. పొద్దుటి నుంచి పదకొండు చెట్లు ఎక్కి దిగిన దస్తగిర్ పన్నెండో చెట్టు మొదట్లో కాసేపు కూర్చుంటానన్నాడు. పక్క చెట్టు మీద ఉన్న ఫక్రుద్దీన్ పైనుంచే, "ముసిలోనివైతివి గదరా" అని ఎగతాళి చేశాడు. కింద నుంచి జవాబు రాలేదు. ఎగతాళికి బదులివ్వకుండా ఊరుకునే మనిషి కాదు దస్తగిర్. ఫక్రుద్దీన్ నడుముతాడు వదులు చేసుకుంటూ దిగి వచ్చేసరికి అతను చెట్టుకు ఆనుకునే ఉన్నాడు. పక్కన నీళ్ల సీసా మూత తీసి ఉంది.

కాగితాలకు ఆరు రోజులు పట్టింది. శవం కడప జిల్లాలోని ఊరికి చేరిందని ఫోన్ వచ్చినప్పుడు కూడా ఫక్రుద్దీన్ చెట్టు మీదే ఉన్నాడు. పువ్వు ఆగదు కదా.

ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. ఒమన్ దేశం రుస్తాఖ్‌లోని ఆ తోటకు ఇరవై ఏడేళ్ల కిందట, వీసా ఇప్పిస్తానన్న ఒకే ఏజెంటు మాటమీద వచ్చారు. ఏడాది పొడుగునా చెట్ల పనే అయినా వాళ్లను అక్కడ నిలబెట్టింది మాత్రం జూలై నెల. ఆ నెలలో కోతకొచ్చే మబ్సలీ రకం ఖర్జూరాన్ని పండనివ్వరు. పసుపు రంగులో, కొరికితే కరకరలాడే దోరతనంలో కోసి, పెద్ద రాగి కాగుల్లో ఉడకబెట్టి, వారం రోజులు ఎండలో ఆరబోస్తారు. అవే మన ఇళ్లలో ఎండు ఖర్జూరాలు. పెళ్లికూతురి ఒడిబియ్యంలో పోసేవీ, రంజాన్ పండగనాడు షీర్‌ఖుర్మాలో వేసేవీ అవే. ఏ దేశం నుంచి వచ్చాయని ఎవరూ అడగరు.

తోట యజమాని ఖల్ఫాన్. అతని తాత కాలంలో బస్తాలు ఒంటెల మీద రెండు రోజులు నడిచి సువైఖ్ రేవుకు చేరేవట. అక్కడ తెరచాప పడవ ఎక్కి, గాలి తిరిగిన నెలలో బొంబాయికి వెళ్లేవి. తిరుగు పడవలో బియ్యం, బట్ట, టేకు దూలాలు వచ్చేవి. ఖల్ఫాన్ వాళ్ల పాత ఇంటి కప్పు మోస్తున్నది ఆ టేకే. తండ్రి కాలానికి రోడ్డు పడింది, పికప్ బండ్లు వచ్చాయి, ఒంటెల దారి ముళ్లతో మూసుకుపోయింది. చమురు డబ్బు వచ్చాక తోటల్లో పెరిగిన కొడుకులు మస్కట్ ఆఫీసులకు పోయారు. వాళ్లు దిగిన చెట్లను కడపవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఎక్కారు. ఇప్పుడు సరుకు సొహార్ రేవులో కంటైనర్ ఎక్కుతుంది. బొంబాయి వ్యాపారి ఫోన్‌లో ఫొటో చూసి, రంగు బాగాలేదని అక్కడి నుంచే తల అడ్డంగా ఊపుతాడు. చుట్టుపక్కల పదిహేను పొయ్యిలు ఉండేచోట కిందటేటికి రెండే మిగిలాయి. రెండోదాని వాళ్లు కూడా ఆ ఏడే కాగులు తుక్కుకు అమ్మేశారు.

జూన్ ఆఖర్న ఖల్ఫాన్ తోటకు వచ్చి పొయ్యి షెడ్డు చుట్టూ నడిచాడు. మెత్తటి ఖర్జూరంలో బాదంపప్పు పెట్టి గిఫ్టు డబ్బాల్లో అమ్మితే మాల్స్‌లో పోతుందని, దానికి చల్లటి గది కట్టాలని, షెడ్డు తప్ప వేరే స్థలం లేదని చెప్పాడు. బొంబాయి కంపెనీ మనిషి పదిహేను రోజుల్లో వస్తున్నాడు. సరుకు నచ్చితే షెడ్డు ఉంటుంది. లేకపోతే షెడ్డూ ఉండదు, పొయ్యి పని మనిషితో అవసరమూ ఉండదు. పనివాళ్లతో మాట్లాడే హిందీలోనే చెప్పాడు, కోపం లేకుండా.

"ఈ సీజన్ చూద్దాం ఫక్రూ. తర్వాత ఖలాస్."

ఫక్రుద్దీన్‌కు యాభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఇంకో కంపెనీ అతనికి వీసా ఇవ్వదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చిక్కంతా ఒక్కచోట ఉంది. పాతకాలపు ఆ పొయ్యికి నడుమ గోడ కట్టారు, పొగ కాయకు పట్టకుండా. మంట పెట్టే నోరు గోడకు అవతల, కాగు ఇవతల. ఇరవై ఏడేళ్లు ఫక్రుద్దీన్ అవతల కూర్చుని ఎండు గెలల కాడలు, మట్టలు ఎగదోశాడు. దస్తగిర్ ఇవతల నిలబడి కాగు చూశాడు. "తీయ్" అని దస్తగిర్ కేక వేస్తే ఒక కాగు అయినట్టు. ముందు తీస్తే కాయ ఎండలో పులిసిపోతుంది. ఆలస్యమైతే తోలు పగిలి తీపంతా నీళ్లపాలవుతుంది. తీయాల్సిన క్షణం ఏదో ఫక్రుద్దీన్ ఎన్నడూ చూడలేదు. అడగలేదు కూడా. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడం వాళ్లిద్దరి మధ్య మర్యాద.

కొత్తగా వచ్చిన తబ్రేజ్ నిజామాబాద్ వాడు. నలభై దాటాయి. కట్టడాల సైట్‌లో పని ఆగిపోతే మూడు నెలలకని ఇక్కడ చేరాడు. అతన్ని మంట దగ్గర కూర్చోబెట్టి, ఫక్రుద్దీన్ దస్తగిర్ చోట నిలబడ్డాడు.

"గింత మంటకు గింత లొల్లి ఎందుకన్నా? నేను షాదీలల్ల బిర్యానీ దేగులు దించినోణ్ణి" అన్నాడు తబ్రేజ్.

"బిర్యానీ మాడితే ఆ పూట తిడతారు. ఇది మాడితే నన్ను ఊరికి పంపుతారు."

నాలుగు కాగులు దించారు. కాయను నొక్కి చూశాడు, కొరికి చూశాడు, రంగు చూశాడు. ప్రతిసారీ ఇదే సరైన సమయమనిపించింది. నాలుగో రోజుకు ఆరబోసిన కాయల్లో సగం పగిలి నల్లబడ్డాయి. మిగతావాటి మీద ఈగలు ముసిరాయి. ఫక్రుద్దీన్ వాటిని చేటలకెత్తి మేకల దొడ్డిలో పోసి వచ్చాడు. వంగిన నడుము లేవడానికి మొరాయించింది. నీడలో కూర్చున్నాడు గానీ నీళ్లు తాగాలని కూడా అనిపించలేదు.

ఆ సాయంత్రం దస్తగిర్ భార్య ఇక్బాలున్నీసాకు ఫోన్ చేశాడు. భర్త పోయిన మనిషిని కాయల గురించి అడగడమేమిటని రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టి, మూడోసారి చేశాడు. ఆమె ముందు తన మోకాళ్ల నొప్పి గురించి, ఊళ్లో వానలు లేకపోవడం గురించి చెప్పింది. అతను విన్నాడు. ఆఖరికి అడిగాడు.

"భాభీ, కాగు ఎప్పుడు దించాల్నో వాడు నీకెప్పుడన్నా చెప్పినాడా?"



"చెప్తాండె. నవ్వుకుంటా చెప్తాండె. అందరూ నన్ను ఉస్తాద్ అంటారు గానీ నాకేం తెల్దు, గోడ అవతల ఫక్రు మంట తగ్గిస్తాడు, నీళ్ల మీద బుడగ సన్నబడతాది, అప్పుడు తీయ్ అంటా, అంతే అని. నీకు చెప్పలేదా భాయ్?"

"లేదు భాభీ. వాడు తీయ్ అనే టయం అయితాందని, పుల్ల వేస్టు ఎందుకని నేను మంట తగ్గిస్తాంటి."

 ఫోన్‌లో ఆమె ఇంటి కోడి కూత వినిపించింది.

మొదటి రెండేళ్లు ఖల్ఫాన్ తండ్రి గోడ పక్కన కుర్చీ వేసుకుని అటూ ఇటూ చూస్తూ ఇద్దరికీ చెప్పేవాడు. ఆయన పోయాక కూడా పని తప్పలేదు. చేతులు నేర్చుకున్నదేమిటో ఇద్దరూ విడిగా ఆలోచించలేదు.

మర్నాడు ఫక్రుద్దీన్ మంట దగ్గరి తన చోటికి తాను వెళ్లాడు. తబ్రేజ్‌ను కాగు దగ్గర ఉంచాడు. మూడు మోపుల కాడలు, మీద రెండు మోపుల మట్టలు. లెక్కపెట్టలేదు, చేతులు వాటంతటవే అక్కడ ఆగి మంట తగ్గించాయి. కేక కోసం చెవి గోడవైపు తిరిగింది. అవతల నీళ్లు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ మాట ఇప్పుడు తనే అనాలని గుర్తొచ్చింది.  ఇరవై ఏడేళ్లలో ఆ మాట అతను ఒక్కసారీ అనలేదు.

"అన్నా, నిద్ర వోయినవా?" అవతల నుంచి తబ్రేజ్ అడిగాడు.

"తీయ్" అన్నాడు ఫక్రుద్దీన్.

ఆ రోజు మూడు కాగులు, మర్నాడు నాలుగు. వారం తర్వాత కాయలు ముడతపడి తేనె రంగుకు తిరిగాయి. దోసిలితో ఎత్తి వదిలితే గలగలమన్నాయి. పగిలినవి లేకపోలేదు, ఏరి పక్కన పోశారు.

బొంబాయి మనిషి వచ్చి ఒక కాయ విరిచాడు, ఒకటి కొరికాడు. రంగు బాగుంది, సైజు తక్కువ అన్నాడు. ఈ ఏటికి తీసుకుంటామని, వచ్చే ఏటి మాట ఇప్పుడే చెప్పలేమని అన్నాడు. ఖల్ఫాన్ అతన్ని కారు దాకా సాగనంపి వెనక్కి వచ్చి, షెడ్డు ఈ ఏడు కూల్చనని చెప్పాడు. తర్వాత ఫక్రుద్దీన్ తెల్లటి గడ్డం వైపు చూసి, నీ వెనక మంట ఎవరు చూస్తారని అడిగాడు. అది బెదిరింపులా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది.

ఫక్రుద్దీన్ తబ్రేజ్ వైపు చూశాడు. సైట్ మళ్లీ మొదలైందని, ఆగస్టులో డ్యూటీకి రమ్మన్నారని తబ్రేజ్ కళ్లు దించుకుని చెప్పాడు. అది ఏసీ ఉన్న క్యాంపు. తప్పు పట్టడానికేమీ లేదు.

బస్తాలు కుట్టి లారీకెత్తేసరికి మూడు రోజులు పట్టింది. కాగులు కడిగి బోర్లించారు. పొయ్యిలో బూడిద ఎత్తిపోశారు. ఫక్రుద్దీన్ వీసా ఇంకా రెండేళ్లుంది. మంట పని ఇప్పటిదాకా ఎవరికీ నేర్పలేదు.