తువ్వాల కింద చెయ్యి

గేదెల బేరం నోటితో చెయ్యం. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాం. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటాం. ఏ వేలు పట్టాడు, ఎంత గట్టిగా నొక్కాడు అన్నదాన్నిబట్టి ధర. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ ఏమీ తెలియదు. రేపు ఎవడైనా "నువ్వీమాట అన్నావు" అంటే "నేనెప్పుడన్నాను" అనేయొచ్చు. ఈ వ్యాపారానికి అదే రక్షణ అనేవాడు మా నాన్న. గుడివాడలో మా గేదెల పాక ముందు నేనూ అదే పద్ధతిలో బతికాను. శోభనాద్రి తువ్వాల పరిచాడంటే బేరం తెగినట్టే అని దివిసీమ దాకా పేరు.

రాధాకుమారి గారు మొదటిసారి గేదె కోసం వచ్చినప్పుడు, ఆవిడ వెంట ఉన్న ప్రేమ్ సాగర్ అనే అతని వైపు అలవాటుగా తువ్వాల చాచాను. ఆవిడ అడ్డం వచ్చింది.

"ఆ గుడ్డ వద్దండీ. ధర పైకి చెప్పండి. అందరూ వినేట్టు."

మా పాలేర్లు నవ్వారు. నేను ధర పైకి చెప్పాను. నలుగురిలో చెప్పాక మరీ ఎక్కువ చెప్పలేం కదా. ఆవిడ తెలివి గలదని అప్పుడే లెక్కేసుకున్నాను.

పెడనలో బట్టల మీద అద్దకం వేసేవాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిందట ఆవిడ. చదువుకుని మచిలీపట్నంలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుంది. పోలీసు స్టేషన్లలో చిత్రహింస పడ్డవాళ్లు, ఇటుక బట్టీల్లోనో చెరువుల మీదో యజమానులు గొలుసు వేసి కొడితే బయటపడ్డవాళ్లు అక్కడికి వస్తారు. ఆవిడ వాళ్లతో మాట్లాడుతుంది. ప్రేమ్ సాగర్ విరిగి వంకరగా అతుక్కున్న కాళ్లకీ చేతులకీ వ్యాయామం చేయిస్తాడు. లేచి తిరగగలిగాక బతుకుతెరువు ఏదో ఒకటి చూపిస్తారు. గేదె అందుకే.

నేను వెంటనే నమ్మలేదు. అంతకు ముందే అవనిగడ్డలో ఒక క్లబ్బు వాళ్ల దుప్పట్ల పంపకం చూశాను. తెలిసిన వ్యాపారినని నన్నూ స్టేజీ ఎక్కించారు. దుప్పటి అందుకోవడానికి వచ్చిన ఒక మనిషిని ఫొటోగ్రాఫరు వెనక్కి పంపాడు. "వంకర వేళ్లు కనపడట్లేదు. చెయ్యి కొంచెం పైకెత్తు బాబూ. ఆఁ, ముఖం దిగులుగా ఉంచు." ఆ మనిషి ఎత్తాడు. క్లబ్బు ప్రెసిడెంటు ఆ చేతిని పట్టుకుని పళ్లికిలించాడు. సంతలో గేదె మూతి విప్పి పళ్లు చూస్తాం. దానికి కూడా ముందు మెడ నిమురుతాం. ఆ రోజు ఇచ్చిన కూల్‌డ్రింకు తాగకుండా వదిలేసి వచ్చాను.

రాధాకుమారి గారు గేదె కోసం తీసుకొచ్చింది ఆ మనిషినే.

"ఈయన అంజి. గేదె ఈయనకి. ఈయన్నే చూసుకోనివ్వండి" అంది. అంతే. అతని కథ చెప్పలేదు, చెయ్యి చూపించలేదు.

కథ నాకు తర్వాత వాళ్లావిడ వీరదుర్గ చెప్పింది. వాళ్లది నాగాయలంక అవతల పల్లె. అంజి వెంకటస్వామి అనే ఆసామి రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు. చెరువులో నీళ్లు తిప్పే మోటారు ఒకటి పోయింది. వెంకటస్వామి అంజి వైపు వేలు చూపించాడు. ఒక ఎస్సై అతన్ని ఎక్కడా రాయకుండా స్టేషన్ వెనక గదిలో ఉంచి, నేనే తీశాను అనేదాకా కొట్టాడు. కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి. చెరువుగట్టు మీంచి పడ్డాడని ఆస్పత్రి కాగితంలో రాయించారు. కొన్నాళ్లకి మోటారు వెంకటస్వామి బావమరిది చెరువులోనే తిరుగుతూ కనపడింది. ఆ బావమరిది ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు. అంజికి ఎవరూ తప్పయిందని చెప్పలేదు.

అంజి ఎంచుకున్నది నల్లటి సాధు గేదె. దాన్ని తోలిపెడుతూ నాకు తెలిసిన జ్ఞానం కొంత రాధాకుమారి గారికి చెప్పబోయాను.

"దెబ్బలు తిన్న గేదె పాలు చేపదండీ, లోపలే బిగబట్టుకుంటుంది. మెల్లగా మచ్చిక చేసుకోవాలి. మనిషైనా అంతే కదా."

"అంతే కాదండీ" అంది ఆవిడ. "గేదె చేపితే మనకి పాలొస్తాయి. ఆయన కోలుకుంటే మనకేమీ రాదు. రాకూడదు."

నాకు అర్థంకాని లెక్క అది. అర్థం కాకపోయినా మనసులో ఉండిపోయింది.

ఆ తర్వాత అవనిగడ్డ వైపు వెళ్లినప్పుడల్లా అంజి ఇంటికి వెళ్లేవాణ్ణి. పాలు పితకడమే ప్రేమ్ సాగర్ చెప్పిన వ్యాయామం. మొదట్లో పిడికిలి ముడుచుకునేది కాదు. చెంబులోకి నాలుగు చుక్కలు పడితే ఎక్కువ. వీరదుర్గ పక్కనే కూర్చుని మిగతాది పితికేది.

"మా ఆయన గేదెతో చెప్పే కబుర్లలో సగం నాతో చెబితే నేనూ కుడితి తాగుతా బాబాయ్" అనేది. అంజి నవ్వేవాడు. నవ్వడం కూడా అక్కడే చూశాను.

అతనికొక వింత అలవాటు ఉండేది. చేతులు కడుక్కున్నాక తుడుచుకోడు. గాల్లో విదిలించి, ఆరేదాకా అట్టాగే పట్టుకు నిలబడతాడు. "కండువా ఇస్తే పామునిచ్చినట్టు చూస్తాడు" అనేది వీరదుర్గ. ఎందుకో ఆవిడకీ తెలియదు.

రాధాకుమారి గారి సాయంతో అంజి ఎస్సై మీద వేసిన కేసు బందరు కోర్టులో విచారణకొచ్చింది. గురువారం అంజి సాక్ష్యం. అతను నోరు విప్పితే కేసు నిలబడుతుంది, లేకపోతే ఆస్పత్రి కాగితమే మిగులుతుంది. ఆ వారం మొదట్లో వెంకటస్వామి మా పాకకి వచ్చాడు. నా దగ్గర ఏటా గేదెలు కొనే పెద్ద ఖాతా అతనిది. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు.

"బావా, వాడు కోర్టులో వాగితే ఎస్సైతో పాటు నేనూ ఇరుక్కుంటా. ఒక చెరువు వాడికి కౌలు లేకుండా వదిలేస్తా. చేసుకు బతకమను. నువ్వు బేరం తెంపిపెట్టు."

"నువ్వే అడగొచ్చుగా."

"నోటితో అడిగితే సాక్షిని కొంటున్నానని వాళ్ల లాయరు పట్టుకుంటాడు. తువ్వాల కింద అడిగితే ఏముంది? ఎవడు చూశాడు, ఎవడు విన్నాడు?"

తువ్వాల కింద నేను చెయ్యి వెయ్యనన్నాను. కానీ కూడికలు తీసివేతలు వేసుకున్నాను. కోర్టు ఏళ్ల తరబడి సాగుతుంది. చెరువు ఇప్పుడే చేతికొస్తుంది. వింటే పోయేదేముంది? కావాలో వద్దో అతనే చెబుతాడు. అలా అనుకుని అవనిగడ్డలో టీకొట్టు దగ్గరికి అంజికి కబురు పెట్టాను. వెంకటస్వామి కూడా వస్తాడని, చెరువు ఇస్తానంటున్నాడని చెప్పాను. అంజి వచ్చాడు. "మొహం మీదే వద్దని చెప్పేసి పోదామని వచ్చా బాబాయ్" అన్నాడు నా చెవిలో.

ఎండ మండిపోతోంది. వెంకటస్వామి కుళాయి కింద తువ్వాల తడిపి మెడ మీద వేసుకున్నాడు. మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. అంజి బల్లకి అవతల కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టగానే, ఇతను నూనె చేత్తోనే తువ్వాల లాగి దాని మీద కప్పాడు.

అంజి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముఖంలో ఏదో ఆరిపోయింది. రెండో చెయ్యి కూడా తీసుకొచ్చి తువ్వాల పక్కన బోర్లా పెట్టాడు. ఎవరూ అడగలేదు. తనే పెట్టాడు.

"తీశాను సార్" అన్నాడు. "నేనే తీశాను సార్. నేనే తీశాను."

గొంతు అతనిది కాదు. తర్వాత పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు. లుంగీ తడిసిపోయింది.

వెంకటస్వామి బజ్జీల ప్లేటు అటువైపు జరుపుకున్నాడు, చింది పడకుండా. ఇంకొకటి కొరికి, నా వైపు చూసి కన్నుకొట్టాడు.

"విన్నావా బావా? వాడే ఒప్పుకున్నాడు."

నా వ్యాపారంలో కుళ్లిన గిట్టలు చూశాను, పురుగులు పట్టిన పొదుగులు చూశాను. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ రోజు ఆ మనిషి నమిలే చప్పుడు వినలేకపోయాను. తువ్వాల లాగి రోడ్డు మీదికి విసిరేశాను. నా భుజం మీద కూడా ఒకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అది కూడా అలాంటిదే.

అంజిని నా వ్యానులో బందరు తీసుకెళ్లాను. దారిలో అతను చేతులు రెండూ ఒళ్లో బోర్లా పెట్టుకునే కూర్చున్నాడు.

రాధాకుమారి గారు అతన్ని ముట్టుకోలేదు. కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. "అంజిగారూ, ఇది బందరు. మన ఇల్లు. నేను రాధని. తలుపు తీసే ఉంది, చూడండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్లొచ్చు" అని చెప్పింది. కాసేపాగి మళ్లీ అదే చెప్పింది. మళ్లీ అదే. విసుగు లేదు, జాలి కూడా వినపడలేదు. పొద్దు వాలే వేళకి అతను తలుపు వైపు చూశాడు. తర్వాత ఏదో మాట్లాడాడు. నేను వరండాలో ఉండిపోయాను.

ఆవిడ బయటికొచ్చాక జరిగింది దాచకుండా చెప్పాను.

"స్టేషన్లో చర్మం చిట్లకుండా వేళ్లకి తడి తువ్వాల చుట్టి కొట్టారట" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ ఈ ఒక్కటీ ఆయన నోట్లోంచి రాలేదు. నేనూ లాగలేదు. వచ్చినప్పుడు వస్తుందని ఊరుకున్నా."

"అయితే కేసుకి పనికొస్తుంది కదండీ" అన్నాను. "ఒకందుకు మంచిదే..."

ఆవిడ నా వైపు తిరిగింది. "దీన్ని లాభం కింద రాసుకోకండి శోభనాద్రిగారూ. ఆయన మళ్లీ ఆ గదిలోకి వెళ్లొచ్చారు. మీ టీకొట్టులో కూర్చుని వెళ్లొచ్చారు. దీంట్లో మంచి లేదు."

టీకొట్టులో చూసింది లాయరుకి చెప్పి సంతకం పెడతానన్నాను. పెద్ద ఖాతా పోతుందని తెలుసు. ఆ ఖాతా తలుచుకుంటే బజ్జీల నూనె వాసన వస్తోంది.

గురువారం విచారణకి వాయిదా అడుగుదామా అని ఆవిడే అంజిని అడిగింది. రెండు రోజులు అతను ఏమీ చెప్పలేదు. బుధవారం పొద్దున లేచి, ఇంటి దగ్గర గేదెకి గడ్డి వేశారా అని అడిగాడట. తర్వాత "రేపే చెబుతానండి" అన్నాడట. అప్పుడు ప్రేమ్ సాగర్ అతన్ని కోర్టుకి తీసుకెళ్లి ఖాళీ హాలు చూపించాడు. ఎక్కడ నిలబడాలో, ఎస్సై ఎక్కడుంటాడో, తలుపు ఎటుందో.

గురువారం నేను తువ్వాల ఇంటి దగ్గరే వదిలేసి వెళ్లాను. భుజం బోసిగా అనిపించింది.

ఎస్సై ఇస్త్రీ చొక్కాలో, నుదుట బొట్టుతో, గుడికొచ్చినవాడిలా నిలబడ్డాడు. మధ్యమధ్య ఆవులిస్తున్నాడు. అతని లాయరు ఆస్పత్రి కాగితం ఊపుతూ అడిగాడు: "లాఠీతో వేళ్ల మీద కొడితే చర్మం చిట్లాలి కదయ్యా. ఒక్క గీత కూడా లేదని డాక్టరు రాశాడు. గట్టు మీంచి పడితే పడ్డానని చెప్పు, పాపం పోలీసుల మీద ఎందుకు?"

అంజి చేతులు బోను కర్ర మీదున్నాయి. అవి మెల్లగా బోర్లా తిరగడం చూశాను. వీరదుర్గ నా పక్కన పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. అంజి రాధాకుమారి గారి వైపు చూశాడు. ఆవిడ తలూపలేదు, సైగ చెయ్యలేదు. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. అతనూ అటు చూశాడు.

"తడి తువ్వాల చుట్టారండి" అన్నాడు. "చుట్టి కొట్టారండి. అందుకని చిట్లలేదండి."

లాయరు ఏదో అనబోయాడు. అంజి ఆగలేదు.

"నేనే తీశానని చెప్పించారండి. నేను తియ్యలేదు. ఆ మోటారు నేను తియ్యలేదండి."

ఇది అతని గొంతే. గేదెతో మాట్లాడే గొంతు. ఎస్సై ఆవులింత సగంలో ఆగింది.

కేసు తేలడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. నా సాక్ష్యం వచ్చే వాయిదాకి. బయట వరండాలో వెంకటస్వామి నా కోసం కాచుకుని ఉన్నాడు. పలకరించకుండానే పక్కన చేరి తన తువ్వాల నా చేతి మీద కప్పాడు. లోపల అతని వేళ్లు, చెమటతో, జిడ్డుగా, నా వేళ్లని ఒక్కొక్కటే వెతుకుతున్నాయి. నేనెంతకి ఊరుకుంటానో అడుగుతున్నాయి. ఇన్నేళ్లు ఇలాంటి చేతులే పట్టుకున్నాను.

మొదటిసారి చెయ్యి లాక్కున్నాను. "పైకి చెప్పు వెంకటస్వామీ. నోటితో చెప్పు. అందరూ వినేట్టు."

వరండాలో జనం తల తిప్పి చూశారు. అతను తువ్వాల మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

కోర్టు ఆవరణలో కుళాయి ఉంది. మోచేతుల దాకా కడుక్కున్నాను. అలవాటుగా చెయ్యి భుజం మీదికి వెళ్లింది. అక్కడేమీ లేదు. చేతులు గాల్లో విదిలించి, ఆరేదాకా నిలబడ్డాను.

అంజి, వీరదుర్గ అటే వచ్చారు. ఆవిడ నన్ను చూసి ఆగింది.

"ఏంటి బాబాయ్, మా ఆయన జబ్బు మీకూ అంటుకుందా?"

"అంటుకుందమ్మా" అన్నాను.