అత్తగారికి నెల తప్పింది

మొదటి నెల నెలసరి రానప్పుడు అత్తగారు, తను కర్టెన్లు కుట్టే దుకాణంలో పని ఎక్కువై అలా అయ్యిందనుకుంది. రెండో నెల కూడా రాకపోయేసరికి ఆమె గుండెల్లో రాయి పడింది. దానికి తోడు కుట్టుమిషన్‌కి వేసే నూనె వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతోంది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. మొగుడు బస్సు డ్రైవరు. ఒక్కగానొక్క కొడుకు కరెంటు పని చేస్తాడు, పెళ్ళై నాలుగేళ్ళయింది. పళ్ళూడే వయసులో ఉయ్యాల కొనుక్కున్నారని నవ్వడానికి లోకం ఎప్పుడూ సిద్ధమే. నవ్వితే నవ్వనీ. ఆమెకు కునుకు పట్టనివ్వనిది లోకం కాదు, కోడలు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఈ నాలుగేళ్ళలో ఆ పిల్ల మింగని మందు లేదు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. నెల తిరిగేసరికి బాత్‌రూమ్‌లోంచి కళ్ళు ఎర్రగా చేసుకుని రావడం, ఏమీ జరగనట్టు పనిలో పడటం. అలాంటిదాని ఎదుట అత్త పొట్టేసుకుని తిరగడమా? మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన కడుపులో మాట బస్సు హారన్ లాంటిది, ఊరంతటికీ వినిపిస్తుంది.

చివరికి ఒకరోజు దుకాణం నుంచి వస్తూ, ఎరిగినవాళ్ళెవరూ ఉండరని నాలుగు వీధులు అవతలున్న మందుల షాపుకి వెళ్ళింది. నోరు పెగుల్చుకుని, కడుపుతో ఉన్నదీ లేనిదీ చూసుకునే పరీక్ష పెట్టె అడిగింది.

"మీ అమ్మాయికా అండీ?" అన్నాడు షాపతను పొట్లం కడుతూ.

"ఆ... మా కోడలికి" అనేసింది. ఆ అబద్ధం ఇల్లు చేరేదాకా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మగాళ్ళిద్దరూ పనులకి వెళ్ళాక, కోడలు వంటింట్లో ఉండగా బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుంది. పెట్టె విప్పితే అందులో కాగితం మీద చీమల బారులా అక్షరాలు. కళ్ళజోడు మిషన్ దగ్గరే మరిచిపోయి వచ్చింది. కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి, దీపం కిందకి తిప్పి చూసింది. ఆ తిప్పడంలో మోచెయ్యి తగిలి బకెట్ మీది మగ్గు దబ్బున కింద పడింది.

"అత్తయ్యా! పడ్డారా ఏంటి? తలుపు తియ్యండి!" కోడలు తలుపు బాదేస్తోంది.

తియ్యక తప్పలేదు. కోడలి చూపు అత్త చేతిలోని పెట్టె మీద పడింది. ఆ పిల్ల మొహం ఒక్కసారిగా పాలిపోయింది.

"నాకోసం కొన్నారా?" అంది మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "నెలనెలా నేను పడేది చాలదా అత్తయ్యా? మీరు కూడా చేతిలో పెట్టి చూసుకోమంటారా?"

"అయ్యో, కాదే పిచ్చిదానా! నీకు కాదు." అత్త తల దించుకుంది. "నాకే."

కోడలు పెట్టె వంకా అత్త వంకా మార్చి మార్చి చూసింది.

"రెండు నెలలైంది" అంది అత్త, ఏడుపు ఆపుకుంటూ. "నీ మొహం ఎలా చూడాలో తెలీక చచ్చిపోతున్నా."

కోడలు పెట్టె అందుకుని పరీక్ష పుల్ల బయటికి తీసింది. కాగితం వంక చూడనైనా చూడలేదు. ఎలా పట్టుకోవాలో, ఎక్కడిదాకా తడపాలో, ఎంతసేపు ఆగాలో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పి, తలుపు దగ్గరికి వేసి బయట నిలబడింది.

తర్వాత ఇద్దరూ వంటింటి గట్టు మీద ఆ పుల్లని పెట్టి ఎదురుచూశారు.

"ఇవన్నీ నీకు కంఠతా వచ్చేశాయే" అంది అత్త. "ప్రతిసారీ ఒక్కదానివే చూసుకుంటావా?"

"మీ అబ్బాయి పక్కనుంటే ముందు ఆయన్ని ఓదార్చాలి. అంత ఓపిక లేదు."

"ఇందులో రెండు గీతలు పడితే?"

కోడలు పుల్ల మీంచి చూపు తిప్పలేదు. "ఏడుస్తాను. అబద్ధం ఎందుకు? కరువుతీరా ఏడ్చి, మొహం కడుక్కుని మిమ్మల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను."

అత్త ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. పుల్ల మీద ఒక్క గీతే తేలింది. కోడలు పుల్లని వెలుతురుకి పెట్టి మళ్ళీ చూసింది. రెండోది లేదు.

"ఒక్క గీత చూసి ఇంత హాయిగా ఊపిరి పీల్చుకున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అంది. నవ్వబోయింది, కళ్ళు తడిశాయి. అత్తకీ అంతే.

అయినా కోడలు ఊరుకోలేదు, ఆ సాయంత్రమే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ అన్నీ అడిగి, రక్తపరీక్ష రాసింది.

"నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడుతోందమ్మా. ఇక ఇలాగే ఆగుతూ సాగుతూ వస్తుంది. రాకపోతే వారం తర్వాత ఇంకోసారి చూసుకోండి. ఇంతకీ పొద్దున ఏం తింటున్నారు?"

"టీ అండీ."

"ఖాళీ కడుపున టీలు పోస్తే తిప్పక ఏం చేస్తుంది?"

"అయితే ఇక ఆ భయం లేనట్టేనా అండీ?"

"ఎవరన్నారు? ఏడాది పొడుగునా రాకుండా ఉండేదాకా కడుపు రావచ్చు. జాగ్రత్తలు మానకండి. మీ ఆయనకీ గట్టిగా చెప్పండి."

అత్తగారు సిగ్గుతో చీర కొంగు అంచుని మెలితిప్పడం మొదలుపెట్టింది. కోడలు కిటికీ వైపు తిరిగింది గానీ, నవ్వుకి భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

రక్తం కాస్త తక్కువుందని మాత్రలిచ్చారు. తర్వాత కొన్నాళ్ళకి, నీలం మఖమల్ గుడ్డకి అంచు కుడుతుండగా ఆమెకు నెలసరి వచ్చేసింది. కొండంత బరువు దిగింది. దిగాక ఎందుకో కాస్త దిగులు కూడా వేసింది. అది మటుకు ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొస్తే కోడలు ముడుచుకుని పడుకుని ఉంది, పొట్ట మీద వేడినీళ్ళ సంచి. చూడగానే సంగతి అర్థమైంది. అత్త ఓదార్పు మాటల కోసం వెతుక్కోలేదు. చెప్పులు విప్పి పక్కనే వాలింది.

"కొంచెం అటు జరుగు. నాకూ వచ్చింది."

కోడలు జరిగి, సంచిని ఇద్దరి మధ్యకి తోసింది. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరుగారు గుమ్మంలో నిలబడి "వంట లేదా ఇవ్వాళ?" అన్నాడు.

"ఉంది. మీరూ మీ కొడుకూ చేస్తున్నారు" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

వంటింట్లో గిన్నెలు దొర్లాయి. "ఏమే, ఉప్పు ఎక్కడ?" అని కేక వినపడింది.

ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.