మిగిలిన గటక

సాయంత్రం మిల్లు భోంగా సైరన్ మోగిందంటే భవాని పేటలో పొయ్యిలు అంటుకుంటాయి. యశోద మగ్గం గుంతలోంచి లేచి, చీరకంటిన నూలు దుమ్ము దులుపుకుని, మట్టికుండలో ఎసరు పెట్టింది. జొన్న నూకలు, గుప్పెడు కందిపప్పు, కడిగిన గోంగూర, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, అన్నీ అందులోనే. ఒక్క కుండలో ఉడికే ఆ గటకే అత్తాకోడళ్ల రాత్రి భోజనం.

కొలత ఎవరూ చూడరు. ఎంత పోసినా ఆ కుండలో తినేవాళ్లకు సరిపడానే ఉడుకుతుంది. చుట్టం ఎక్కడో వాళ్లింటికని బండెక్కితే చాలు, అతని వంతు కూడా ఆ పూటే అందులో కలిసిపోతుంది. పేటలో అందరికీ తెలిసిందే. "చుట్టాలొస్తున్నరా? మీ కుండ ఏమంటున్నది?" అని పక్కింటివాళ్లు మామూలుగా అడుగుతుంటారు.

యశోద మొగుడు పెంటప్ప బొంబాయి మిల్లులో పని చూసుకొస్తానని పోయి ఏళ్లు గడిచాయి. కబురు లేదు, కార్డు ముక్క లేదు. కుండ ఏనాడూ అతని వంతు ఉడికించలేదు. చివరికి కులపెద్దలే, "ఎన్నేండ్లు కూసుంటది పిల్ల?" అని మారుమనువుకు ఒప్పుకున్నారు. వెనక గల్లీ రామచంద్రం ఆమెను చేసుకుంటానన్నాడు. పెళ్లాం పోయినవాడు, నెమ్మదస్తుడు. భీవండిలో పవర్‌లూమ్ మీద పని దొరికింది అతనికి. తెల్లారితే ప్రయాణం. ఈ సాయంత్రం యశోద మాట చెప్పాలి.

"వస్త" అనే చెప్పాలనుకుంది. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి పెట్టుకుంది కూడా.

అత్త మల్లమ్మకు వడ్డించింది. తను పెట్టుకుంది. కుండ ఖాళీ అయిందా అని గరిటె ఆడించి చూస్తే, అడుగున ఇంకా గటక తగిలింది.

మల్లమ్మ వంగి చూసింది. "నా కొడుకు బయలెల్లిండే! బండెక్కిండు!"

"వేరెవరన్న కావచ్చు అత్తమ్మా."

"మనకింక ఎవరున్నరే? వాడే!"

యశోదకు పెంటప్ప ముఖం తలుచుకుంటే సరిగా గుర్తుకే రాలేదు. పొద్దున్నే మగ్గం ఎక్కేముందు అతను దగ్గే దగ్గు మాత్రం గుర్తొచ్చింది. ఆకుపచ్చ చీరను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. మొగుడు దారిలో ఉండగా ఇంకొకడి చెయ్యి ఎట్లా పట్టుకుంటుంది?

రామచంద్రం వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "ఏమంటవు యశోదా?"

"మా ఆయన వస్తున్నడు. కుండల మిగిలింది."

కుండ మాటకు ఎదురు చెప్పేవాడు పేటలో లేడు. అతను విడిచిన చెప్పుల్లో మళ్లీ కాళ్లు పెట్టాడు. "మంచిగుండు మరి" అని వెళ్లిపోయాడు.

తెల్లారి బండి కూత వినబడకూడదని యశోద మగ్గం గట్టిగా ఆడించింది. అయినా వినబడింది.

మధ్యాహ్నం టాంగా దిగింది పెంటప్ప కాదు. బొంబాయిలో అతనితో పని చేసిన నర్సప్ప. వెంట ఒక చిన్న ఆడపిల్ల.

"పెంటప్ప పోయిండమ్మా. దీని తల్లి అంతకు ముందే పోయింది. ఈ ఇంట్ల దించమన్నడు. మంగళ దీని పేరు."

చెప్పి, మంచినీళ్లైనా ముట్టకుండా అదే టాంగా ఎక్కాడు. మల్లమ్మ రొమ్ము బాదుకుంటూ కూలబడింది. యశోదకు ఏడుపు రాలేదు. పిల్ల పొయ్యి వైపే చూస్తోంది. పెంటప్ప కనుబొమలే.

నిన్నటి గటక పళ్లెంలో పెట్టి, చల్ల పోసి పిల్ల ముందుకు జరిపింది. అంతా కలిపి రెండు గరిటెలు. మగమనిషి ఆకలికి అది ఏ మూలకు? నిన్న గరిటె చేతిలో ఉండి కూడా ఆ సంగతి తట్టలేదు. పిల్ల పళ్లెం నాకి, కడుపు నిండి తేన్చింది.

ఏడ్చి ఏడ్చి మల్లమ్మ అంది: "చూస్తివా, మన కుండ అబద్ధమాడలే."

పళ్లెం కడుగుతూ యశోద అంది: "ఒక్క పూట ఆడితే దాని సొమ్మేం పోతుండె అత్తమ్మా."