గోలికి తోడు పిప్పళ్ల పొడి

పెంటయ్యను గేటు దగ్గర్నుంచే ఇంటికి పంపించేశారు. తాగి డ్యూటీకొచ్చాడట.

రాయదుర్గం మెట్రో దిగగానే కనబడే అద్దాల మేడల్లో ఒకదానికి ఆయన వాచ్‌మన్. ఫిట్స్ గోలి మొదలైననాటి నుంచి కల్లు కూడా ముట్టని మనిషి. అలాంటివాడు బోరబండ సందులో గోడ పట్టుకుని తూలుతూ వస్తుంటే వాడకట్టంతా చూసింది.

"నేను తాగలె బిడ్డా," అన్నాడు కూతురు జ్యోత్స్నతో. "కాళ్లే చెప్పినట్టు ఇంటలేవు. నీ మొకం గూడ రెండు గనవడుతున్నది."

"ఒక్క మొకంతోనే పరేషానున్నం, ఇంకోటెందుకు నీకు," అంది ఆయన భార్య రుక్కమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే.

జ్యోత్స్న ఆ ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి. ఫార్మసీ చదివింది. ఏ దేశంలో ఎవరికి ఏ మందు పడలేదో చదివి నమోదు చేసే ఉద్యోగం, హైటెక్ సిటీలో. తెల్లారకముందే క్యాబెక్కేది. ముక్కూ మొహం తెలియని వాళ్ల తలతిరుగుళ్లన్నీ ఆమెకు తెలుసు. నాయన తూలుతున్న సంగతి మాత్రం పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే తెలిసింది.

దవాఖానలో రక్తం చూసి డాక్టరు నొసలు ముడిచాడు. "మందు ఎక్కువైంది. రెండేసి మింగుతున్నావా?"

"ఒక్కటే సారూ."

"అయితే ఇది నీకు పడట్లేదు. రేపు గోలి వేసుకోకుండా రా, వేరేది రాస్తా."

ఆ గోలి రాకముందు రోజులు జ్యోత్స్న మరిచిపోలేదు. నాయన అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోవడం, నాయనమ్మ పరుగున వచ్చి ఆయన పిడికిట్లో తాళంచెవుల గుత్తి కుక్కడం. ఆ గోలితోనే అవన్నీ ఆగాయి. మారిస్తే మళ్లీ మొదలైతే?

మర్నాడు సెలవు పెట్టింది. పొద్దున్నే ఒక వాసన ఆమెను నిద్ర లేపింది. కళ్లు తెరవకుండా కాసేపు అలాగే పడుకుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దోరగా వేగుతున్న వాసన. ఈ మేడలు లేవక ముందు, బండల మీద మేకలు ఎక్కి తిరిగే రోజుల్లో, చలి పొద్దున నాయనమ్మ వాటిని కల్వంలో నూరి, తేనెలో రంగరించి అందరి నాలుకల మీదా వేలితో రాసేది. దవాఖానలో ఇచ్చిన ఎర్రమందైనా సరే, ఆ పొడి నాకాకే తాగాలి. "మందు ఒంటిగ పోతె లోపటికి చేరదే. తోడు గావాలె," అనేది.

జ్యోత్స్న దిగ్గున లేచింది. "అమ్మా, ఇదెప్పటి సంది చేస్తున్నవ్?"

"పోయిన నెల ఈ ఇంటికి కిరాయికొచ్చినప్పటి సంది. సామాన్లల్ల మీ నాయనమ్మ కల్వం దొరికె గద. రోజు గోలితోని ఇస్తున్న. జల్ది గుణమైతదని."

చదువుకునే రోజుల్లో జ్యోత్స్న ఎలుక పేగును చొక్కా చెయ్యిలా తిరగేసి, మందు ఎంత దాటుతుందో కొలిచింది. మిరియాల ఘాటు కలిపితే ఎక్కువ దాటేది. అందుకు మంచి మార్కులొచ్చాయి కూడా. ఆ ఘాటు తన ఇంటి పొయ్యి మీద ఉందని తోచనే లేదు.

"నాయనా, పేగు గోడకు కాపలోళ్లుంటరు."

"మా అసుంటోళ్లా?"

"ఆఁ. మింగిన మందుల కొంత మల్ల బయటికి నూకుతరు. గదంత లెక్కల వెట్టుకోనే డాక్టర్లు గోలి రాస్తరు. మిరియాలు, పిప్పళ్లు పోయి కాపలోళ్లను పండవెడితే..."

"గేటు బార్ల తెరిచినట్టే," అన్నాడు పెంటయ్య. "మరి వాళ్లనేం అనరు గని, నన్ను పంపిచ్చిన్రు!"

డాక్టరు అంతా విని తల పంకించాడు. "అదే అయి ఉండొచ్చు. గోలి మార్చొద్దు, పొడి ఆపండి. గోలి కూడా కొన్నాళ్లు ఆపి, మళ్లీ ఎప్పుడు మింగాలో రక్తం చూసి చెప్తా. ఈ సంగతి నిన్ననే చెప్పొద్దామ్మా?"

"గది మందా సారూ? ఇంట్ల తినేది గద," అంది రుక్కమ్మ.

కొన్నాళ్లకు రక్తంలో మందు తగ్గింది, నడక కుదుటపడింది. అదే గోలి మళ్లీ మొదలైంది. జ్యోత్స్న తానే గేటు దగ్గరికి వెళ్లి సంగతంతా చెబితే, సూపర్‌వైజర్ బాలనర్సయ్య నొచ్చుకుని, "పెంటన్నను రమ్మను," అన్నాడు.

తిరిగి డ్యూటీకెక్కే పొద్దున పెంటయ్య పొడి డబ్బా మూత తీసి చాలాసేపు వాసన చూశాడు.

"ఇగ ఎన్నటికీ వద్దా బిడ్డా?"

"గోలి ఉన్నన్నాళ్లు వద్దు నాయనా."

"గోలి కోసం తినలే నేను. నాలిక మీద వడితే అమ్మ ఏలు వెట్టినట్టే ఉండె."

ఆయన తేనె సీసా అందుకున్నాడు. జ్యోత్స్న చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆయన వినిపించుకోకుండా చిటికెడు పొడి రంగరించి, వేలికి అద్దుకుని ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"నీకు గోలి లేదు గద. నోరు తెరువు."

తెరిచింది. ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"గట్లనే ఉన్నదా?" అన్నాడు ఆశగా.

"గట్లనే ఉన్నది నాయనా."

పెంటయ్య వేలు నీళ్లతో శుభ్రంగా కడుక్కుని, టోపీ పెట్టుకుని బయల్దేరాడు.