వదినగారి మ్యాక్

పాటల టీచరుగారి పాత కంప్యూటరు ఒక శనివారం మధ్యాహ్నం ప్రాణం విడిచింది. ముందుగా మూలగడం గానీ, మొరాయించడం గానీ ఏమీ లేదు. బొమ్మలాట పాటలో నక్కను చూసి కుందేలు పరుగందుకునే చోట ఆవిడ తాళం సరిచేస్తూ ఉండగా తెర నల్లబడింది, అంతే. ఎన్నిసార్లు మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆవిడ బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. తీరిక దొరికితే బొమ్మలాటలకు సంగీతం కడుతుంది. బొమ్మలు కుట్టి ఆడించే బొమ్మలావిడ కొత్తగా వేయబోతున్న కుందేలు ఆటకు సగానికి పైగా కట్టేసింది కూడా. అదృష్టం బాగుండి ఆ పనంతా విడిగా ఒక డిస్కులో భద్రంగానే ఉంది. చిక్కల్లా దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చింది. అది ఆవిడ పాతదానిలాంటి మ్యాక్ కంప్యూటరు మీద తప్ప ఇంకెక్కడా నడవదు. భర్త కంప్యూటరుకు డిస్కు తగిలిస్తే పాటల పేర్లన్నీ అద్దం అవతలి మిఠాయిల్లా కనబడ్డాయి. ఒక్కటీ చేతికందలేదు.

"కొత్తది కొనుక్కోరాదూ?" అన్నాడు భర్త, పేపరు మడుస్తూ.

"అంత స్తోమతే ఉంటే పాతదాన్ని ఇన్నాళ్ళూ బతిమాలుకుంటూ ఎందుకు వాడతానండీ?"

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

మర్నాడు భోజనానికి మరిది వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసి, సెలవు దొరికితే కంప్యూటర్ల పొట్టలు విప్పుకుని కూర్చోవడం అతని సరదా. సంగతంతా విని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"వదినా, మీకు మ్యాకే కావాలా, మ్యాక్‌లా నడిచేదైనా సరేనా?"

"రెంటికీ తేడా ఏమిటయ్యా?"

"విడిభాగాలు తెచ్చి మామూలు కంప్యూటరే కడతాం. దాని మీద మ్యాక్ సిస్టమ్ ఎక్కిస్తాం. తన సొంత పెట్టెలోనే ఉన్నానని అది నమ్మేట్టు మధ్యలో చిన్న ప్రోగ్రాం ఒకటి కూర్చుని సర్దిచెబుతూ ఉంటుంది. కంపెనీవాళ్ళు దీన్ని ఒప్పుకోరనుకోండి. ఏదైనా చెడితే వాళ్ళని అడగడానికుండదు, మనమే బాగుచేసుకోవాలి."

"మనమేమిటి, నువ్వు బాగుచేయాలి."

"అబ్బే, మీరే చేయాలి. కట్టేదీ మీరే. రేపు నేను క్లినిక్‌లో ఉండగా ఇది మొండికేస్తే, కనీసం దాని లోపల ఏముందో మీకు తెలిసుండాలిగా."

ఆవిడ బల్బు మార్చాలన్నా భర్తను కేకేసే మనిషి. కానీ కుందేలు పరుగు సగంలో ఆగిపోయి ఉంది. సరేనంది.

తరువాతి ఆదివారం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి సామానంతా పేర్చారు. డాక్టరు నుదుటికి దీపం కట్టుకుని, పళ్ళు చూసే చిన్న అద్దం జేబులో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ప్రాసెసరును దాని గూట్లో ఆవిడే కూర్చోబెట్టింది. పైన పూయాల్సిన పేస్టు గొట్టం చేతికిస్తే అనుమానంగా చూసింది.

"ఇదీ పళ్ళకు రాసేదేనా?"

"వేడిని లాగేది వదినా. బఠాణీ గింజంత చాలు. మీరు అన్నయ్యకు వెన్న రాసిపెట్టినట్టు దట్టంగా పూయకండి."

"నాకెప్పుడు రాసిపెట్టిందిరా?" అని పక్కగదిలోంచి వినబడింది.

అన్నీ బిగించి మీట నొక్కితే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర మాత్రం వెలగలేదు. ఆవిడ మొహం వాడిపోయింది. డాక్టరు అద్దం తీసి బోర్డు మూలకు పెట్టి, దీపం వంచి చూశాడు.

"ఇదిగో, పుచ్చు ఇక్కడుంది. ప్రాసెసరుకు కరెంటిచ్చే తీగ పెట్టడం మరిచాం. మీ వేళ్ళు సన్నం, మీరే పెట్టండి."

తీగ పెట్టగానే తెర వెలిగింది. ఆ తరువాత మ్యాక్ సిస్టమ్ ఎక్కించే పని మాత్రం అంత సులువుగా తెమల్లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరదలా వచ్చి, ఉన్నట్టుండి ఒక చోట ఆగిపోయేవి. ఆగిన చోటల్లా డాక్టరు ఆ వాక్యం చదివి, మధ్యవర్తి ప్రోగ్రాంలో ఏది మార్చాలో చెప్పేవాడు. ఆవిడ మార్చి, మళ్ళీ మొదలుపెట్టేది. అలా కిందామీదా పడగా పడగా, పొద్దు వాలేసరికి అలవాటైన ఆ తెర, అలవాటైన ఆ బొమ్మలు ఎదురుగా నిలబడ్డాయి. దూరమైన చుట్టాన్ని చూసినట్టు ఆవిడ కళ్ళు చెమర్చాయి.

గబగబా డిస్కు తగిలించి కుందేలు పాట తెరిచింది. అన్ని వరసలూ ఉన్నాయి. నొక్కగానే గీతలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. శబ్దం మాత్రం చిన్నమెత్తు రాలేదు.

"అన్నీ ఇచ్చి నోరొక్కటీ ఇవ్వలేదేమయ్యా దీనికి? నేను చేసేది సంగీతమయ్యా!"

డాక్టరు నవ్వాపుకున్నాడు. శబ్దం పుట్టించే చిప్పు ఒకటే అయినా ఒక్కో బోర్డులో ఒక్కోలా తీగలు కలుపుతారనీ, ఏ పద్ధతో చెప్పడానికి ఒక్కో అంకె ఉంటుందనీ, మన బోర్డుది ఏదో ఒక్కొక్కటీ పెట్టి చూసుకోవడమేననీ చెప్పి, అంకె మార్చే చోటు చూపించి వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి నుంచి వచ్చీ రాగానే కూర్చుంది. అంకె మార్చడం, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టడం, స్పీకర్లకు చెవి ఒగ్గడం. కొన్నింటికి మౌనమే. ఒకదానికి ఎడమ పక్క మాత్రం గీపెట్టింది. విసుగొచ్చి లేవబోతూ ఇంకొక్కటి చూద్దామని పెట్టిన అంకెకు, గదంతా ఒక్కసారి తప్పెట్లు ఘొల్లుమన్నాయి. వంటింట్లో భర్త చేతిలో గిన్నె జారిపడింది.

"పలికిందండీ!" అని అరిచింది.

"వీధి చివరిదాకా పలికింది," అన్నాడాయన, గిన్నె పైకి తీస్తూ. ఆయన మొహంలోనూ సంతోషమే.

పని జోరందుకుంది. ఒక్క ఇబ్బంది మిగిలింది. కాసేపు ముట్టుకోకపోతే కంప్యూటరు మూడంకె వేసి పడుకున్నట్టే పడుకుని, అంతలోనే లేచి కూర్చునేది. అలా లేచినప్పుడు అప్పుడప్పుడూ కొయ్యబారిపోయేది. నక్క నడకకు కట్టిన వరస ఒకసారి అలాగే మంటగలిసింది. నిద్రపోయే ఏర్పాటే తీసేయమన్నాడు డాక్టరు. ఆవిడ ఒప్పుకోలేదు.

"రాత్రింబవళ్ళు మేలుకుని ఉండే మనిషి ఒకరు చాలు ఈ ఇంట్లో. సంగతేమిటో నేనే చూస్తాను."

చూడటానికేం లేదు కనుక వినడం మొదలుపెట్టింది. కిటికీ మూసి, గడియారం కూడా బయట పెట్టించి, కంప్యూటరును పడుకోబెట్టి కళ్ళు మూసుకుంది. ఫ్యాన్ల స్వరం మెల్లగా మంద్రానికి దిగి ఆగిపోయింది. అప్పుడు బల్ల మీద వదిలేసిన తీగలేని హెడ్‌ఫోన్లలోంచి, దోమ పాడినంత సన్నగా, కంప్యూటరుతో సంబంధం తెగిందని చెప్పే దిగే స్వరాలు రెండు వినిపించాయి. కాసేపటికి, మళ్ళీ కలిసిందని చెప్పే ఎక్కే స్వరాలు రెండు. ఆ వెంటనే ఫ్యాన్లు తిరిగాయి. మళ్ళీ పడుకోబెట్టింది. అదే వరస. హెడ్‌ఫోన్లు ఆపేసి పడుకోబెట్టింది. ఈసారి అది ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

వెంటనే డాక్టరుకు ఫోను చేసింది.

"ఉండండి వదినా, ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు," అని పెట్టేసి, కాసేపటికి తనే చేశాడు.

ఆవిడ విన్నది విన్నట్టు చెప్పింది. "హెడ్‌ఫోన్లు దాన్ని తట్టి లేపుతున్నాయయ్యా. ముందు అవి పలుకుతున్నాయి, తరువాతే ఇది లేస్తోంది."

"భలే పట్టారే! తీగలేనివాటితో మాట్లాడే కార్డు మనం లోపల బిగించాం కదా. దాన్ని బయటి నుంచి తగిలించిన వస్తువనుకుంటున్నట్టుంది సిస్టమ్. లోపలిదేనని ఒక్క మాట చెప్పాలి. సాయంత్రం వస్తాను."

"రావద్దు. ఎక్కడ చెప్పాలో చెప్పు, నేనే చెబుతాను."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అతను చెప్పిన చోట ఒక్క విలువ మార్చింది. హెడ్‌ఫోన్లు మళ్ళీ వెలిగించి పడుకోబెట్టింది. ఎంతసేపు కూర్చున్నా అది లేవలేదు. ఆవిడ తట్టగానే బుద్ధిగా కళ్ళు తెరిచింది. కుర్చీలో వెనక్కి వాలి, తనలో తనే నవ్వుకుంది.

వారం తిరక్కుండానే సంగీతం పూర్తయింది. బొమ్మలావిడ కుందేలును చంకన పెట్టుకుని వచ్చి, ఆ గదిలోనే ఆడించి చూసుకుంది.

"ఇక్కడ కొంచెం నెమ్మదిస్తారా అండీ? నా కుందేలు చెవులు తిప్పుకునే వ్యవధి కావాలి."

టీచరు అక్కడికక్కడే తాళం సాగదీసింది. బొమ్మలావిడ వేళ్ళు కదిపింది. కుందేలు ఆగి, ఒక చెవి తిప్పి, రెండో చెవి తిప్పి, తుర్రుమంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న భర్త చప్పట్లు కొట్టాడు.

"నక్క ఎక్కడండీ?" అని అడిగాడు.

"ఇంకా కుట్టలేదండీ," అంది బొమ్మలావిడ. "ఈ పాట విన్నాక తోక ఇంకాస్త పొడుగ్గా పెట్టాలనిపిస్తోంది."

"అయితే నక్క నడక కూడా వినండి. మళ్ళీ కట్టాను," అంటూ టీచరు కుర్చీ ముందుకు లాక్కుంది.